కల్లం దగ్గర జనరేటర్ ఎక్కడ పెట్టాలి?

(మిరప కోతలకు ముందు పల్నాడులో జరిగిన సంఘం శిక్షణ తరగతిలో, సంఘం సభ్యుడైన ఒక పంపుసెట్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి, కోల్డ్ స్టోరేజీల గురించి పెద్ద పెద్ద విషయాలు విన్నారు. నాకిచ్చిన విషయం చిన్నది. జనరేటర్. అదీ ఫ్యాక్టరీల్లో ఉండే పెద్దది కాదు. ఇద్దరు చెరోపక్క పట్టుకుని ట్రక్కులోంచి దించుకునే చిన్న పెట్రోలు జనరేటర్. దాన్ని ఎలా కొనాలో, ఏ కంపెనీది మంచిదో నేను చెప్పను. ఎక్కడ పెట్టాలో ఒక్కటే చెబుతాను. మోటార్లు, ఇంజన్లు విప్పి బిగించే పని నాది. నా దగ్గరికి వచ్చే చిన్న జనరేటర్లలో ఎక్కువ భాగం లోపల దోషంతో రావు, పెట్టిన చోటు దోషంతో వస్తాయి. మిషన్ చెడితే నాకు గిరాకీ, ఫరవాలేదు. కానీ అదే దోషం మనిషి ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకే సంఘం తరగతిలో ఈ మాట ఉండాలని అడిగాను.

కోతలు దగ్గరికొచ్చాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఊళ్లు సగం పొలాల్లోనే ఉంటాయి. కల్లంలో కాయ ఎండుతుంటే ఇంటి మనిషి ఒకరు రాత్రి అక్కడే పడుకోవాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి వచ్చే కుటుంబాలు పిల్లాజెల్లా, వంటగిన్నెలతో సహా దిగి, పట్టాలు కట్టుకుని వారాలూ నెలలూ మన చేలల్లోనే ఉంటాయి. పట్నం వాళ్లు కొండకెళ్లి గుడారం వేసుకుంటే దాన్ని క్యాంపింగ్ అంటారు. మనం చేసేదీ అదే, కాకపోతే సెలవు లేదు.

అక్కడ వెలుగు కావాలి. చీకట్లో పాము, తేలు. టిక్కీలు కట్టి పెట్టాక దొంగల భయం. ఫోన్లకు చార్జింగ్ కావాలి, తాగునీటికి చిన్న మోటారు వెయ్యాలి. కల్లానికి కరెంటు స్తంభం దూరం. దగ్గరున్నా, వ్యవసాయ లైనుకు ఇచ్చేది పగటిపూట 9 గంటలు. కోతల కాలానికి కల్లాలకు తక్కువ ఖర్చుతో తాత్కాలిక కనెక్షన్ ఇవ్వమని మనం అడగాల్సిందే, ఆ పోరాటం వేరే ఉంది. అది తేలేదాకా జనరేటర్ తప్పదు. మన ధర్నా శిబిరాలకూ అదే గతి. 2020 నవంబరు చివర్లో ఢిల్లీ సరిహద్దులకు చేరిన రైతులు 2021 డిసెంబరులో వెనక్కి మళ్లేదాకా, ఏడాదికి పైగా ట్రాలీల్లో, టార్పాలిన్ల కింద బతికారు. వాళ్లకు కింద ఉన్నది జాతీయ రహదారి, బల్లపరుపు నేల. మనకు ఉన్నది మెరకా పల్లమూ.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన కల్లం చూడండి. పొలంలో ఉన్న కాస్త చదును జాగాలో కాయ పోస్తాం. ఆ పక్కనే మిగిలిన చదునులో పట్టా కట్టి పడుకుంటాం. మిగతాదంతా గట్లు, రాళ్లు, వాలు. జనరేటర్ తెచ్చిన మనిషి చుట్టూ చూస్తాడు. వాలులో పెడితే ఒరుగుతుంది, ఊగుతుంది. చదును ఎక్కడుంది? పడుకునే చోటు పక్కన. అక్కడే పెడతాడు. మిషన్‌కి అది మంచి చోటే. మనిషికి అంతకంటే చెడ్డ చోటు లేదు. ఇంకొకడు తెలివైనవాడు, పొగ దూరంగా పోవాలని గట్టు అవతల వాలులో పెడతాడు. మనిషికి మంచిదే, మిషన్ మాత్రం నెల తిరక్కుండా పట్టేస్తుంది. పట్టేశాక మళ్లీ తెచ్చి పట్టా పక్కనే పెడతాడు. చదును ఉన్న చోటికి జనరేటర్‌ను తీసుకెళ్లకండి. జనరేటర్ ఉండాల్సిన దూరం ముందు తేల్చుకుని, అక్కడ చదును చేసుకోండి. పార పట్టడం తెలిసినవాళ్లకు అరగంట పని.

ముందు మిషన్ సంగతి చూద్దాం. వాలులో పెడితే ఏమవుతుంది?

మన చిన్న జనరేటర్ ఇంజన్లలో, అంటే 160, 200 సీసీ వాటిలో, సాధారణంగా ఆయిల్ పంపు ఉండదు. కారుకీ ట్రాక్టరుకీ ఉన్నట్టు ఆయిల్‌ను ఒత్తి పైకి పంపే ఏర్పాటు లేదు. కింద క్రాంక్ కేసులో అర లీటరు పైచిలుకు, సుమారు 600 మిల్లీలీటర్ల ఆయిల్ ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న నాలుకలాంటి ముక్క ఉంటుంది. అది ప్రతి చుట్టుకీ ఆయిల్‌లో మునిగి, చిమ్మి, పైనున్న భాగాలన్నిటినీ తడుపుతుంది. 50 సైకిళ్ల కరెంటు రావాలంటే ఈ రకం మిషన్ నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. అంటే సెకనుకు 50 సార్లు ఆ నాలుక ఆయిల్‌లో మునగాలి. మిషన్ ఒక పక్కకి ఒరిగితే ఆయిల్ ఆ పక్కకి పోతుంది. పళ్లెంలో పులుసు పోసి పళ్లెం వంచి చూడండి, అంతే. నాలుకకు ఆయిల్ అందదు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, లైట్లు వెలుగుతూనే ఉంటాయి, లోపల మాత్రం ఇనుము ఇనుమును తింటూ ఉంటుంది.

ఈ రకం ఇంజన్లకు కంపెనీ వాళ్లు 20 డిగ్రీలకు మించి వంచొద్దని పుస్తకంలో రాస్తారు. డిగ్రీల లెక్క మనకెందుకు గానీ, రెండడుగుల పొడవు మీద ఒక కొస కంటే ఇంకో కొస జానెడు ఎత్తు ఉంటే అది 20 డిగ్రీలు. జానెడు వాలులో ఎవడు పెడతాడయ్యా అంటారు. ఎవరూ పెట్టరు. నాలుగు వేళ్ల వాలులో పెడతారు. రాత్రంతా అదిరి అదిరి పల్లం వైపు కాళ్లు దిగబడతాయి. ఆయిల్ అప్పటికే కాస్త తక్కువగా ఉంటుంది. అన్నీ కలిసి తెల్లవారేసరికి పుస్తకంలో లెక్క దాటిపోతుంది. పుస్తకంలో ఉన్నది నిండా ఆయిల్ ఉన్న కొత్త మిషన్ సంగతి. అందుకే నా లెక్క రెండు వేళ్లు. రెండడుగుల మీద రెండు వేళ్ల మందం కంటే తేడా ఉండొద్దు.

చాలా మిషన్లకు ఆయిల్ తగ్గితే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. లోపల ఒక తేలుడు బిళ్ల. ఆయిల్ తగ్గితే అది కిందికి దిగి, స్పార్కును ఎర్తు చేసేస్తుంది. ఇంజన్ ఆగిపోతుంది. వాలులో పెడితే ఈ బిళ్లకు లెక్క తప్పుతుంది. అటు వాలితే ఉన్న ఆయిల్ లేదంటుంది, ఇటు వాలితే లేని ఆయిల్ ఉందంటుంది. మొదటి రకం అయితే అర్ధరాత్రి మాటిమాటికీ ఆగిపోతుంటుంది. అప్పుడు మనవాడు ఏం చేస్తాడు? సెన్సర్ పాడైందని ఆ తీగ ఊడదీస్తాడు. కొందరు మెకానిక్కులు కూడా తీసేసి డబ్బులు పుచ్చుకుంటారు, మా వాళ్ల సంగతి దాచడం ఎందుకు. ఆ తీగ తీసిన మిషన్‌కి కాపలా లేనట్టే. ఆగుతుంటే తీగ ముట్టుకోకండి. ముందు మట్టం చూడండి, తర్వాత ఆయిల్ చూడండి. ఆయిల్ చూసేటప్పుడు కూడా మిషన్ చదునుగా ఉండాలి. వాలులో పుల్ల తీసి చూస్తే అది చెప్పేది అబద్ధం.

ఆయిల్ మాట వచ్చింది గనక ఇదీ చెప్పేస్తా. కొత్త మిషన్‌కి మొదటి 20 గంటలకు, ఆ తర్వాత సాధారణంగా ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చాలి. రాత్రికి 10 గంటలు నడిపితే 100 గంటలంటే పది రాత్రులు. బండికి మార్చినట్టు ఏడాదికి ఒకసారి అనుకుంటే కోతల కాలం పూర్తి కాదు. కల్లం గుంజకు ఒక అట్టముక్క కట్టి, రోజూ ఎన్ని గంటలు నడిచిందో పెన్నుతో రాయండి.

ఆయిల్ ఒక్కటే కాదు. కార్బురేటర్‌లో కూడా చిన్న ఫ్లోటు ఉంటుంది, ఇంటి మీద నీళ్ల ట్యాంకులో ఉన్నట్టే. వంగితే అదీ సరిగ్గా మూసుకోదు, పెట్రోలు పొంగి కారుతుంది. ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది. నిండా పోసి వాలులో పెడితే అక్కడి నుంచీ చెమ్మ దిగుతుంది. కింద సైలెన్సర్ కాలిపోతూ ఉంటుంది. పక్కన ఎండుకాయ, వరిగడ్డి, ప్లాస్టిక్ పట్టాలు. ఏడాది కష్టం పోవడానికి ఇంకేం కావాలి?

ఇప్పుడు చదును చేయడం.

మేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటే తెచ్చుకోండి. లేకపోతే పారదర్శకంగా ఉండే నీళ్ల సీసాలో సగం నీళ్లు పోసి, మూత బిగించి, పలక మీద అడ్డంగా పడుకోబెట్టండి. నీళ్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందంలో ఉంటే చదును. పొడవుకి ఒకసారి, వెడల్పుకి ఒకసారి చూడండి. చాలామంది ఒక దిక్కే చూస్తారు.

వాలులో చదును చేసేటప్పుడు మెరక తవ్వండి, పల్లం పూడ్చకండి. పల్లంలో పోసిన మట్టి కొత్త మట్టి. పైన నిమిషానికి 3000 చుట్లు తిరిగే యంత్రం అదురుతుంటే ఆ మట్టి ఒక రాత్రిలో కుంగుతుంది. మెరక వైపు చెక్కితే కింద ఉన్నది పాత నేల, కదలదు. మూడడుగుల చదరం చాలు. పై వైపు నుంచి వాన నీళ్లు దాని మీదికి రాకుండా చుట్టూ చిన్న కాలవ లాగండి, కొస పల్లంలోకి వదలండి. అంతేగాని గుంట తవ్వి అందులో దించకండి. శబ్దం తగ్గుతుందని గుంటలో పెట్టేవాళ్లను చూశాను. పొగ అక్కడే తిరిగి మిషనే దాన్ని పీల్చుకుంటుంది, వేడెక్కి చస్తుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, గుంటలోనే కూర్చుంటుంది. వాన పడితే చెప్పనే అక్కర్లేదు.

మన నేలలన్నీ ఒకటి కాదు. ఎర్ర గరువు నేల మీద, రాతి నేల మీద తవ్వడం కష్టం గానీ తవ్వాక నిలబడుతుంది. నల్లరేగడి అట్లా కాదు. ఎండితే పగుళ్లు, తడిస్తే ముద్ద. పొద్దున రాయిలా ఉన్న గట్టు, మంచుకు తడిసో పక్కన కాలవ ఊటకో రాత్రికి మెత్తబడుతుంది. జనరేటర్ నాలుగు కాళ్లూ చిన్నవి, సూదుల్లా దిగుతాయి. అందుకని నేల ఏదైనా సరే కింద ఒక పలక ఉండాలి. మనకు నాపరాయికి కరువా? మూడడుగుల నాపరాయి ఒకటి పరవండి, దాని మీద పాత ట్రాక్టర్ ట్యూబు ముక్క వెయ్యండి. రాయి మీద నేరుగా పెడితే అదురుకి మెల్లగా జరుగుతూ పోతుంది, రబ్బరు ఉంటే నిలుస్తుంది. మందపాటి చెక్క పలక అయినా మంచిదే. ఒక కాలి కింద రాయి, ఇంకో కాలి కింద ఇటుక ముక్క పెట్టి సర్దడం మాత్రం వద్దు. అదురుకి ఇటుక జారిన క్షణం మిషన్ బోర్లా పడుతుంది. కాలుతున్న సైలెన్సర్, నిండు ట్యాంకు, కింద ఎండుగడ్డి. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకే తెలుసు.

స్టార్ట్ చేశాక గంటకు ఒకసారి వెళ్లి సీసా పెట్టి చూడండి. మొదటి రాత్రి కుంగేదంతా కుంగుతుంది. మర్నాడు సరిచేస్తే తర్వాత పెద్దగా కదలదు. ట్రక్కులోనే ఉంచి నడుపుతామనేవాళ్లు ఉన్నారు. ట్రక్కు నిలిచిన వాలు కూడా వాలే. పైగా ట్రక్కు మీద పట్టా కప్పి పక్కనే మనుషులు పడుకుంటారు. దాని జోలికి పోవద్దు.

ఇక మనిషి సంగతి. మిషన్ పోతే కొనుక్కోవచ్చు గనక దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను.

పెట్రోలు ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు వాసనొచ్చేది పొగలో ఉండే వేరే పదార్థాలు. పొగ వాసన రాలేదు గనక విషం లేదనుకోవడం పొరపాటు. మన రక్తం ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకెళుతుంది కదా, ఈ వాయువు దొరికితే ప్రాణవాయువును వదిలేసి దీన్ని పట్టుకుంటుంది. ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, లోపల ఊపిరాడని పరిస్థితి. నిద్రలో ఉంటే మెలకువే రాదు. ఒక్క చిన్న జనరేటర్ వదిలే ఈ వాయువు వందల కార్లు వదిలేదానితో సమానం కావచ్చని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ హెచ్చరిస్తుంది. తుపానులకు కరెంటు పోయినప్పుడల్లా ఆ దేశంలో జనరేటర్ పొగకు మనుషులు చనిపోతూనే ఉన్నారు.

బయటే కదా, నాలుగు వైపులా గాలే కదా అంటారు. పగలు నిజం. రాత్రి పట్టా కింద చూడండి. సంక్రాంతి రోజుల చలి. మంచు కురుస్తుంది. పిల్లలకు చలేస్తుందని తల్లి పట్టాను మూడు వైపులా నేల దాకా దించి, అంచుల మీద రాళ్లు పెడుతుంది. నాలుగో వైపు తెరిచి ఉంటుంది, లైటు తీగ వచ్చేది ఆ వైపు నుంచే. జనరేటర్ ఉన్నదీ ఆ వైపే. ప్లాస్టిక్ పట్టా గాలి పోనివ్వదు. అది ఇప్పుడు గుడిసె కాదు, మూతి విప్పిన సంచి. పొగ సంచిలోకి పోతుంది, రాదు.

ఒక కల్లానికి మిషన్ ఆగిపోతోందని నన్ను పిలిచారు. పొద్దున్నే వెళ్లాను. పట్టా పక్కన మూడు గజాల్లో జనరేటర్, కాస్త ఒరిగి ఉంది. పట్టాలో నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. అందరికీ తలనొప్పి, ఇద్దరికి వాంతులు. రాత్రి మిగిలిన పులుసు పడలేదని వాళ్లలో వాళ్లే అనుకుంటున్నారు. పులుసు తినని చంటిదానికీ వాంతులే. తెల్లవారుజామున మిషన్ దానంతటదే ఆగిపోయిందట. ఒరిగి ఉండడం వల్ల ఆయిల్ బిళ్ల కిందికి దిగి ఆపేసింది. అది ఆగబట్టి ఆరుగురూ లేచి కూర్చున్నారు. నన్ను పిలిచింది ఆ తీగ తీసెయ్యమని. తియ్యలేదు. ముందు వాళ్లను ఆసుపత్రికి పంపి, ఆ తర్వాత మిషన్ చోటు మార్పించాను.

కాబట్టి ఈ గుర్తులు ఇంట్లో ఆడవాళ్లకూ, కూలీల మేస్త్రీకీ చెప్పండి. తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లు తేలిపోయినట్టు ఉండడం. జ్వరం ఉండదు. ఒకే పట్టాలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇట్లా ఉంటే తిండి మీదికి నెట్టకండి. అందరినీ బయటికి, జనరేటర్‌కు దూరంగా గాలిలోకి తెండి. మిషన్ ఆపండి. 108 పిలవండి. డాక్టర్‌కు జనరేటర్ పక్కన పడుకున్నామని నోరు విప్పి చెప్పండి. ఆ మాట చెప్పకపోతే ఆయన కూడా పులుసే అనుకోవచ్చు. దీనికి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడతారు. బయటి గాలికి కాస్త తేరుకున్నారు కదా అని ఇంటికి పోవద్దు.

ఎంత దూరం పెట్టాలి? ఇంటి తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరం అని అమెరికాలో చెబుతారు. అది గోడలున్న ఇళ్ల లెక్క, పైగా కనీసం. మనకు పొలంలో జాగాకి కరువు లేదు. నేనైతే 20 గజాలు అంటాను. సైలెన్సర్ మూతి మనుషుల వైపు ఉండకూడదు.

దూరంతో పాటు దిక్కు చూడాలి. తూర్పారబట్టే వాళ్లకు గాలి గురించి నేను చెప్పేదేముంది? పిడికెడు పొట్టు వదిలి చూడండి. అయితే రాత్రి గాలి లేనట్టు అనిపించినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. పొద్దుగూకాక మెరక మీది నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి పల్లానికి జారుతుంది. రాత్రిపూట వాగులోకి దిగుతుంటే ఒక్కసారిగా చలి తగులుతుందే, అదే. అందువల్ల వాలు నేలలో జనరేటర్ మెరకన ఉండి మనం పల్లంలో పడుకుంటే, పొగ రాత్రంతా మన మీదికి దిగే అవకాశం ఉంది. మనం మెరకన, జనరేటర్ దిగువన ఉండాలి. పెట్రోలు ఒలికినా దిగువకే పోతుంది, మన వైపు రాదు. దిగువ అన్నాను గానీ వాగు అడుగున అనలేదు. వాలు మధ్యలో ఎక్కడైనా, ఇందాక చెప్పినట్టు మెరక చెక్కి చదును చేసుకోండి.

వెనకాల నుంచి ఒక అన్న అడుగుతున్నాడు, సైలెన్సర్‌కు పొడుగు పైపు తగిలిస్తే పొగ దూరం పోదా అని. వద్దన్నా. అతుకుల దగ్గర కారుతుంది, పైపు కాలుతుంది, ఇంజన్‌కు పొగ వదలడం కష్టమై అదీ దెబ్బతింటుంది. దానికయ్యే ఖర్చుతో తీగ కొను. డీజిల్‌దైతే ఫరవాలేదా అని ఇంకొకరు. డీజిల్ ఇంజన్ ఈ వాయువును తక్కువ వదులుతుంది, అసలు వదలదని కాదు. దూరం అదే పాటించండి.

దూరం పెడితే వెలుగు తగ్గుతుందన్నది అందరూ చెప్పే సాకు. లెక్క చూడండి. కల్లంలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు ఇరవై వేస్తే 180 వాట్లు. ఒక ఆంపియరు కూడా లేదు. 2.5 స్క్వేరు రాగి తీగ 50 మీటర్లు లాగితే పోయేది ఒక వోల్టు లోపే. 1 స్క్వేరు తీగ వేసినా రెండు వోల్టులు దాటదు. 230లో రెండు పోతే కంటికి తెలియదు. 1 హెచ్‌పీ మోటారు సంగతి వేరు. స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచేదానికి ఐదారు రెట్లు లాగుతుంది, దానికి 2.5కి తగ్గని తీగ, రెండు మూడు కేవీఏ జనరేటర్ కావాలి. మోటారు వేసే వాళ్లు జనరేటర్‌ను మోటారు దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు పట్టుకుని, మళ్లీ వెనక్కి తేవడం నయం.

తీగ మధ్యలో అతుకులు వద్దు. టేపు చుట్టిన అతుకు మంచులో తడిసి గట్టు మీద పడి ఉంటే, కాలి చెప్పు లేని పిల్ల తొక్కుతుంది. ఒకే ముక్క తీసుకోండి, గుంజల మీదుగా తల ఎత్తున కట్టండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. చిన్న జనరేటర్‌కు అది సరిగ్గా పనిచేయాలంటే లోపల కనెక్షన్ ఎట్లా ఉందో చూడాలి, అందుకని అది మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

వాన వస్తే మిషన్ మీద పట్టా కప్పకండి. నాలుగు కర్రలు పాతి మూడు నాలుగు అడుగుల పైన ఒక రేకు వెయ్యండి, నాలుగు వైపులా తెరిచే ఉంచండి. పెట్రోలు పోసేటప్పుడు మిషన్ ఆపి పావుగంట చల్లారనివ్వండి. బీడీలు, సెల్ ఫోను లైటు పట్టుకునే పిల్లలు, ఇద్దరూ దూరం. క్యాన్ మనం పడుకునే పట్టాలో పెట్టుకోకండి. సాయంత్రం వెలుగుండగానే పోసేసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇంకో రెండు మాటలు గట్టిగానే చెప్పాలి. పందుల కోసం చేను చుట్టూ తీగకు జనరేటర్ కరెంటు ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది నేరం. పంది కంటే ముందు పక్క చేను రైతో, సుగ్గికొచ్చిన కూలీయో పోతాడు. సంఘంలో ఉండి ఆ పని చేసేవాడిని మనం వెనకేసుకు రాకూడదు. రెండోది, జనరేటర్ తీగను మోటారు పెట్టెలోనో ఇంటి సాకెట్‌లోనో గుచ్చి లైనుకు కలపడం. మధ్యలో మార్చే స్విచ్ లేకుండా కలిపితే ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోయి పైన 11 వేల వోల్టులు అవుతాయి. లైను ఆపేశామని నమ్మి స్తంభం ఎక్కిన మనిషి ఆ పైన ఉంటాడు. అతనూ ఎవరో ఒక రైతు కొడుకే.

చివరికి, ఎవరి బాధ్యత? కూలీల పట్టాలు ఎక్కడ కట్టాలో సాధారణంగా మేస్త్రీ చూస్తాడు, జనరేటర్ ఎక్కడ పెట్టాలో రైతు చూస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోరు. సాయంత్రం మిషన్ పెట్టిన తర్వాత వచ్చిన కుటుంబం ఆ వెలుగు దగ్గరగా ఉందని దాని పక్కనే పట్టా కడుతుంది. వాళ్లకు ఊరు కొత్త, చేను కొత్త, మన మిషన్ సంగతి తెలియదు. మన చేలో ఉన్నన్నాళ్లు వాళ్ల నిద్రకు మనమే జవాబుదారీ. గ్రామ కమిటీలకు నా సూచన ఇది. ఊరికి రెండు నాపరాళ్లు, రబ్బరు ముక్కలు, 50 మీటర్ల తీగ చుట్టలు రెండు కమిటీ దగ్గర ఉంచండి. కోతలప్పుడు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్లి, అయ్యాక తెచ్చి ఇస్తారు. కూలీలు దిగిన రోజే ఒక మనిషి వెళ్లి పట్టాలూ జనరేటరూ చూసి రావాలి. ఆదోని వైపు మన సంఘం వాళ్లకు కూడా, కూలీలు బయల్దేరే ముందే ఈ గుర్తులు చెప్పమని కబురు పెడదాం.

టీ తాగాక అందరూ బయటికి రండి. ఆ రాళ్ల దిబ్బ పక్కన వాలులో ఒక జనరేటర్, ఒక పట్టా కావాలనే తప్పుగా పెట్టి ఉంచాం. రెండు పారలు, ఒక నాపరాయి, నీళ్ల సీసా అక్కడే ఉన్నాయి. రెండు జట్లుగా విడిపోయి ఎక్కడికి మార్చాలో మీరే తేల్చండి. అప్పటిదాకా ఎవరూ తాడు లాగొద్దు.